నా ఫైర్‌ఫాక్స్ ఒకటి రెండెలా అయింది?

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టారిని. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావట కదా, అందుకని మా అబ్బాయి దసరాకి వచ్చినప్పుడు నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేసి వెళ్లాడు. బాగుంది, మునుపటి కంటే త్వరగా ఆన్ అవుతోంది కూడా. అయితే ఈ మధ్య బ్యాంకు సైటు తెరిస్తే మీ బ్రౌజర్ పాతది, కొత్త వెర్షన్ వాడండి అంటోంది. విండోస్‌లో అలవాటైన పద్ధతిలోనే ఫైర్‌ఫాక్స్ సైటుకి వెళ్లి డౌన్‌లోడ్ చేశాను. ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ కాలేదు, లోపల ఏవేవో ఫైళ్లు కనిపించాయి. అన్నీ బయటికి తీసి అందులో ఫైర్‌ఫాక్స్ అని ఉన్నదాన్ని నొక్కితే తెరుచుకుంది గానీ, నా బుక్‌మార్కులు లేవు, పాస్‌వర్డులు లేవు. కింద మెనూలోంచి తెరిస్తే మళ్లీ పాతదే వస్తోంది. అబ్బాయి ఫోన్లో చెప్పిన కమాండ్ కొడితే ‘వెయిటింగ్ ఫర్ క్యాష్ లాక్’ అని వచ్చి సెకన్లు లెక్కపెడుతూ కూర్చుంది. భయమేసి మూత మూసేశాను. ఇప్పుడు నా దగ్గర రెండు ఫైర్‌ఫాక్స్‌లు ఉన్నట్టా? దేన్ని ఉంచుకోవాలి? ఇంకో చిన్న కోరిక, మెనూలు తెలుగులో కనిపించే మార్గం ఉందా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ముందుగా ఒక మాట, మీ బుక్‌మార్కులు ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉన్నాయి. మీరు ఊహించింది నిజమే, మీ దగ్గర ఇప్పుడు రెండు ఫైర్‌ఫాక్స్‌లు ఉన్నాయి: ఒకటి మింట్‌తో పాటు వచ్చినది, రెండోది మీరు డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో విప్పి పెట్టుకున్నది. మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, చూసిన సైట్ల జాబితా అన్నీ ప్రొఫైల్ అనే ఒక ఫోల్డర్లో ఉంటాయి. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఒకే కంప్యూటర్లో రెండు ఫైర్‌ఫాక్స్‌లు ఉంటే దేనికి దానికి విడిగా ప్రొఫైల్ ఇస్తున్నారు. అందుకే మీ కొత్తది ఖాళీ ఇల్లులా తెరుచుకుంది. నిజానికి అది మీ మంచికే జరిగింది. ఎందుకంటే ఒకసారి కొత్త వెర్షన్‌తో తెరిచిన ప్రొఫైల్‌ని పాత వెర్షన్‌తో తెరవబోతే ఫైర్‌ఫాక్స్ ఒప్పుకోదు, కొత్త ప్రొఫైల్ పెట్టుకో అని మొండికేస్తుంది, అప్పుడు మీరు నిజంగానే కంగారుపడేవారు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, విండోస్‌లో ఎవరి అప్‌డేట్ వాళ్లు చూసుకుంటారు, ఫైర్‌ఫాక్స్ తనది తాను, ఇంకో సాఫ్ట్‌వేర్ తనది తాను. లినక్స్‌లో అలా కాదు. సిస్టమ్‌తో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ అంతా రిపోజిటరీ అనే ఒకే చోటు నుంచి వస్తుంది, అప్‌డేట్లు కూడా అక్కడి నుంచే రావాలి. ఇంట్లో గ్యాస్ ఏ ఏజెన్సీ పేరున ఉంటే సిలిండర్ అక్కడే బుక్ చేసుకుంటాం కదా, ఇదీ అంతే. అందుకే మీ పాత ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూకి వెళ్లి అబౌట్ ఫైర్‌ఫాక్స్ నొక్కితే వెర్షన్ నంబరు కనిపిస్తుంది గానీ అప్‌డేట్ బటన్ ఉండదు. అది పాడైపోయి కాదు, ఆ పని దాని చేతిలో లేక.

మీరు చేయాల్సింది ఇది. స్క్రీన్ కింద కుడి మూల, గడియారం పక్కన చిన్న డాలు బొమ్మ ఉంటుంది చూడండి. అప్‌డేట్లు ఏమైనా ఉంటే దాని మీద ఒక చుక్క కూడా కనిపిస్తుంది. అదే అప్‌డేట్ మేనేజర్. మీ అబ్బాయి వెళ్లాక దాన్ని మీరు ఒక్కసారి కూడా నొక్కి ఉండరు, అవునా? నూటికి తొంభై ఉత్తరాల్లో సంగతి ఇదే. మింట్ తనంతట తాను అప్‌డేట్లు వేసుకోదు, ఆటోమేటిక్‌గా వేసుకోమని మనం సెట్ చేస్తే తప్ప. ఫైర్‌ఫాక్స్‌కేమో నాలుగు వారాలకొక కొత్త వెర్షన్ వస్తుంది, నాలుగైదు నెలలు ఊరుకుంటే బ్యాంకు సైటు గుర్తుచేయక ఏం చేస్తుంది! డాలు బొమ్మ నొక్కి, పైన రిఫ్రెష్ నొక్కండి. జాబితా నిండాక ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కండి. పాస్‌వర్డు అడుగుతుంది, కంప్యూటర్ తెరిచేటప్పుడు కొట్టేదే కొట్టండి. ఇన్ని నెలలవి పోగై ఉంటాయి కాబట్టి మొదటిసారి చాలాసేపు పడుతుంది, ఛార్జర్ పెట్టి ఉంచి కాఫీ తాగి రండి. టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే ఆ విండో, అవసరం లేదు.

ఆ సమయంలో ఫైర్‌ఫాక్స్ తెరిచే ఉందనుకోండి, అప్‌డేట్ అయ్యాక కొత్త ట్యాబ్ తెరవబోతే రీస్టార్ట్ చేయమని ఒక పేజీ వస్తుంది. అది వైరస్ కాదు. కింద ఉన్న ఫైళ్లు మారిపోయాయి, పైన నడుస్తున్నది ఇంకా పాతదే, అందుకని అడుగుతోంది. ఒకసారి మూసి తెరిస్తే సరి.

ఇక ఆ సెకన్ల లెక్క. సాఫ్ట్‌వేర్ వేసే పని ఒకేసారి ఇద్దరు చేయకుండా లినక్స్ ఒక తాళం వేసుకుంటుంది. మీరు కమాండ్ కొట్టిన సమయానికి వెనకాల వేరే ఏదో, బహుశా అప్‌డేట్ మేనేజరే, పని చేసుకుంటూ ఉంది. కాబట్టి మీ కమాండ్ మర్యాదగా వరసలో నిలబడింది, అంతే. కాసేపు ఆగితే దాని పని అయిపోయి మీది మొదలయ్యేది. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ తాళం ఫైలు డిలీట్ చేసేయండి అని బోలెడు మంది చెబుతారు, దయచేసి చేయకండి. నేను కొత్తలో అలాగే చేశాను. అప్పుడు వెనకాల సగం ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలు సగంలోనే ఆగిపోయి, ఒక ఆదివారం అంతా వాటిని సరిచేయడానికే సరిపోయింది, మధ్యాహ్నం భోజనం కూడా కీబోర్డు పక్కనే. మీరు మూత మూశారు గదా, ఏదైనా మధ్యలో ఆగిందేమోనని అనుమానం ఉంటే టెర్మినల్‌లో సుడో, ఖాళీ, డీపీకేజీ, ఖాళీ, రెండు చిన్న గీతలు, వెంటనే కాన్ఫిగర్, ఖాళీ, ఒక గీత, ఏ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, కొట్టేటప్పుడు అబ్బాయిని ఫోన్లో తోడుండమనండి. ఆగిపోయినవేమైనా ఉంటే పూర్తిచేస్తుంది, లేకపోతే ఏమీ అనదు.

అంతా అయ్యాక డౌన్‌లోడ్స్‌లో ఉన్న రెండో ఫైర్‌ఫాక్స్ ఫోల్డర్ తీసేయండి. కానీ ఈ మధ్యలో దాంట్లో ఏమైనా బుక్‌మార్క్ చేసుకుని ఉంటే తొందరపడకండి. అందులో కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కితే లైబ్రరీ తెరుచుకుంటుంది, అక్కడ ఇంపోర్ట్ అండ్ బ్యాకప్‌లోంచి బుక్‌మార్కుల్ని ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకుని, పాత ఫైర్‌ఫాక్స్‌లో అదే చోట ఇంపోర్ట్ చేయండి. అలా డౌన్‌లోడ్ చేసి వాడటం తప్పని కాదు. మీ హోమ్ ఫోల్డర్లో పెట్టుకున్న ఆ ఫైర్‌ఫాక్స్ విండోస్‌లో లాగా తన అప్‌డేట్ తానే తెచ్చుకుంటుంది కూడా. డెబియన్ అనే ఇంకో రకం లినక్స్ వాడేవాళ్లు కొందరు కావాలనే అలా చేస్తారు, ఎందుకంటే డెబియన్‌తో వచ్చేది ఈఎస్ఆర్ అనే రకం, దానికి భద్రతా సవరణలు వస్తుంటాయి గానీ కొత్త హంగులు ఏడాదికోసారే. మింట్‌లో మీకు ఆ అవసరం లేదు, 2022 నుంచి మింట్ వాళ్లు ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా సంస్థ ఇచ్చేదాన్నే మార్పులు లేకుండా అలాగే ఇస్తున్నారు.

అన్నట్టు బ్యాంకు సైటు చెబితే చెప్పింది గానీ, సీరియళ్లు, సినిమాలు చూపించే సైట్లలో మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి అని పెద్ద బటన్ వస్తే మాత్రం చచ్చినా నొక్కకండి. మీ అప్‌డేట్ ఎప్పుడూ ఆ డాలు బొమ్మలోంచే వస్తుంది, ఏ వెబ్‌పేజీలోంచీ రాదు.

తెలుగు మెనూలు ఉన్నాయి మాస్టారూ, ఎన్నో ఏళ్లుగా మనవాళ్లు వాలంటీర్లుగా కూర్చుని తర్జుమా చేశారు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో లాంగ్వేజ్ దగ్గర ఇంకొన్ని భాషలు వెతకమని చెబితే జాబితాలో తెలుగు కనిపిస్తుంది. అక్కడక్కడా ఇంగ్లిష్ మిగిలి ఉంటుంది. ఒక్కటే ఇబ్బంది, ఆ తర్వాత అబ్బాయి ఫోన్లో ‘సెట్టింగ్స్ నొక్కు నాన్నా’ అంటే మీకు అక్కడ అమరికలు అని ఉంటుంది, ఇద్దరూ ఒకరినొకరు విసుక్కుంటారు.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చదువుతున్నాను, ఉబుంటు 24.04 లినక్స్ వాడుతున్నాను. ఫైర్‌ఫాక్స్ అప్‌డేట్ ఉంది, మూసేయండి అని రోజూ నోటిఫికేషన్ వస్తోంది. మూసేస్తున్నాను, మళ్లీ వస్తోంది. సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ కూడా కొట్టాను, ఏమీ మారలేదు. ఇంకొకటి, టెర్మినల్ పాస్‌వర్డు అడిగినప్పుడు ఏం కొట్టినా పడటం లేదు. కీబోర్డు పాడైందా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కీబోర్డు బాగానే ఉందమ్మా, పాస్‌వర్డు పడుతూనే ఉంది, కనిపించదంతే. వెనక నిలబడ్డవాళ్లకి ఎన్ని అక్షరాలో కూడా తెలియకూడదని అలా పెట్టారు. మొత్తం కొట్టి ఎంటర్ నొక్కండి. మింట్‌లో అయితే నక్షత్రాలు కనిపిస్తాయి, అందుకే మింట్ నుంచి ఉబుంటుకి వచ్చినవాళ్లందరూ ఇక్కడ ఒకసారి ఆగుతారు.

ఆప్ట్ అంటే రిపోజిటరీలోంచి సాఫ్ట్‌వేర్ తెచ్చే కమాండ్. దాంతో మారకపోవడానికి కారణం, ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే దారిలో వస్తోంది. ఆప్ట్ జాబితాలో ఫైర్‌ఫాక్స్ పేరు ఉంటుంది, లోపల మాత్రం సరుకుండదు, అది స్నాప్‌కి దారి చూపించే బోర్డు మాత్రమే. స్నాప్ రోజుకి నాలుగుసార్లు తనే అప్‌డేట్లు చూసుకుంటుంది, కానీ నడుస్తున్న ప్రోగ్రామ్‌ని మార్చదు. మీరు మూసి రెండు నిమిషాల్లో మళ్లీ తెరుస్తుంటే దానికి సందు దొరకడం లేదు. అన్ని విండోలూ మూసి, టెర్మినల్‌లో సుడో స్నాప్ రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్ అని కొట్టండి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మాటకీ మాటకీ మధ్య ఖాళీతో. రన్నింగ్ యాప్స్ ఉన్నాయి అంటూ పక్కన కొన్ని నంబర్లు చూపిస్తే, కనపడకుండా వెనకాల ఇంకా ఏదో మిగిలి ఉందన్నమాట. వాటిని వెతికి చంపే కమాండ్లు ఉన్నాయి గానీ మీకు ఇప్పుడే ఎందుకు, ఒకసారి లాగౌట్ చేసి లాగిన్ అయి, ఫైర్‌ఫాక్స్ తెరవకుండా ముందు ఆ కమాండ్ కొట్టండి.

స్నాప్ ఫైర్‌ఫాక్స్ నెమ్మదిగా తెరుచుకుంటోందని విసుగొచ్చినవాళ్లు మొజిల్లా సొంత రిపోజిటరీ పెట్టుకోవచ్చు, 2024 జనవరిలో వచ్చిన 122వ వెర్షన్ నుంచి ఆప్ట్‌తో వేసుకునే డెబ్ ప్యాకేజీలు వాళ్లే నేరుగా ఇస్తున్నారు. ఒక్క సెమిస్టర్ అయినా ఉబుంటుతో గడిపాక ఆ పని పెట్టుకోండి, పరీక్షల ముందు మాత్రం వద్దు.

ప్రశ్న: మాది జిరాక్స్ షాపు. పాత కంప్యూటర్, 2 జీబీ ర్యామ్, 32 బిట్ లినక్స్. ఫైర్‌ఫాక్స్ 144 దగ్గరే ఆగిపోయింది. ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా ముందుకి కదలడం లేదు. ఫామ్‌లు నింపడానికి కస్టమర్లు వస్తుంటారు.
— ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: అది ఇక కదలదండీ. 32 బిట్ లినక్స్‌కి, అంటే పాతకాలపు ప్రాసెసర్ల కోసం చేసిన రకానికి, ఫైర్‌ఫాక్స్ ఇచ్చిన చివరి వెర్షన్ 144, 2025 అక్టోబరుది. క్రోమ్ అయితే 2016లోనే 32 బిట్ లినక్స్‌ని వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ 140కి మాత్రం 32 బిట్‌లో కూడా కనీసం 2026 సెప్టెంబరు వరకు భద్రతా సవరణలు ఇస్తామన్నారు, కాబట్టి తాత్కాలికంగా దానికి మారండి.

ఈలోగా ఒక సంగతి చూడండి. టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ అని ఒకే మాటగా కొట్టి, పైన ఆప్ మోడ్ అన్న వరస దగ్గర 64 బిట్ అని కూడా ఉందేమో చూడండి. చాలా షాపుల్లో ప్రాసెసర్ 64 బిట్‌దే ఉంటుంది, ర్యామ్ తక్కువ కదా అని ఎవరో ఎప్పుడో 32 బిట్ సిస్టమ్ వేసి పోతారు. కోర్ 2 డ్యుయో అయితే మీ సమస్య తీరినట్టే. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకుని మింట్‌లో తేలికైన రకం ఎక్స్‌ఎఫ్‌సీఈ, 64 బిట్‌ది వేయించుకోండి. దానికి కనీసం 2 జీబీ అన్నారు, 4 ఉంటే మేలు, పాత ర్యామ్ కార్డు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే పెట్టించేయండి. ఆ వరసలో 32 ఒక్కటే ఉంటే మాత్రం ఆ కంప్యూటర్‌ని స్కానర్‌కీ ప్రింటుకీ ఉంచుకుని, కస్టమర్ల ఆధార్ నంబర్లు, ఓటీపీలు, ఫీజు చెల్లింపులు దాంట్లో చేయడం మానేయండి.