నాన్న పోలిక పోగొట్టుకోవాలని ఉంది

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వయసు 26. నాకు 11 ఏళ్లప్పుడు నాన్న మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయారు. పాతపట్నంలో చుట్టాల పెళ్లికి వెళ్తే చాలు, "గుంటకి అచ్చు వాళ్ల నాన్న ముక్కే" అంటారు. మొన్న అన్నం పెడుతూ అమ్మ నా ముఖం చూసి ఏడ్చేసింది. విశాఖలో ముక్కు సర్జరీకి వచ్చే నెల డేట్ తీసుకున్నాను. అమ్మకి చెప్పలేదు. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. వదిలేసి వెళ్లిన మనిషి రోజూ అద్దంలో ఎదురవుతుంటే ఎవరికైనా భరించడం కష్టమే. బాధలో రూపం మార్చుకోవడం మనకు కొత్త కాదు. తండ్రి పోతే కొడుకులు గుండు చేయించుకుంటారు. పెళ్లి తప్పిపోయిన అమ్మాయి జడ కత్తిరించుకుంటుంది. నిన్నటి మనిషిని కానని చెప్పుకోవడానికి ఒంటి మీద ఏదో ఒక గుర్తు కావాలనిపిస్తుంది.

జుట్టయితే మళ్లీ పెరుగుతుంది. ముక్కు అలా కాదు. సర్జరీ తర్వాత వాపు పూర్తిగా తగ్గి అసలు ఆకారం తేలడానికే దాదాపు ఏడాది పడుతుంది. నచ్చకపోతే రెండోసారి చేయడం మొదటిసారి కన్నా కష్టం. ఆ ఏడాదంతా మీరు అద్దంలో చూసుకునేది ముక్కు బాగుందా అనా, నాన్న పోలిక పోయిందా అనా? నా భయం అదే. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముక్కు వంకరగా ఉందనో, ఊపిరి సరిగా ఆడట్లేదనో ఎక్కడా రాయలేదు. ఉన్నదంతా నాన్న, అమ్మ, చుట్టాలు.

అందుకే సర్జరీ డేట్ ఆరు నెలలు వాయిదా వేయండి. రోజుకు గంటకు పైగా అద్దం ముందే గడిచిపోతున్నా, ముఖం చూపించలేక బయటికి వెళ్లడం మానేస్తున్నా బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్యుల్ని కలవండి. అంతదూరం కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితమే.

ఇక అమ్మ సంగతి. పదిహేనేళ్లు ఒంటిచేత్తో పెంచిన తల్లి కంట నీళ్లకు మీ ముక్కే కారణమని మీకు మీరే తేల్చేసుకున్నారు. పెళ్లీడుకొచ్చిన కూతుర్ని చూసి వచ్చాయో, ఒంట్లో బాగోక వచ్చాయో మీకేం తెలుసు? ఇవాళ రాత్రి భోజనాల దగ్గర "ఆ రోజు ఎందుకేడ్చావమ్మా?" అని అడగండి. ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా ముక్కు మాట ఎత్తకండి.