బీకాం చదివినవారికి ఈడీఐ పనికొస్తుందా?

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ పూర్తిచేశాను. ఈడీఐ కోర్సు చేస్తే త్వరగా ఉద్యోగం వస్తుందని హైదరాబాద్‌లోని ఒక శిక్షణ సంస్థవారు అంటున్నారు. నాకు ప్రోగ్రామింగ్ రాదు. ఫీజు కట్టమంటారా?
– ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: రంగం మంచిదేనమ్మా, కానీ ఫీజు ఇప్పుడే కట్టకండి.

కొనుగోలు ఆర్డర్లు, ఇన్వాయిస్‌లు కాగితాల మీద కాకుండా, అవతలి కంపెనీ కంప్యూటర్ నేరుగా చదువుకునే నిర్ణీత రూపంలో పంపుకోవడమే ఈడీఐ (ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజ్). ఆ రూపానికి ప్రమాణాలుగా అమెరికాలో ఎక్కువగా ఎక్స్12, యూరప్‌లో ఎడిఫ్యాక్ట్ వాడతారు. ఎక్స్12లో ఒక్కో పత్రానికి ఒక్కో సంఖ్య. 850 కొనుగోలు ఆర్డరు, 856 సరుకు బయలుదేరిందన్న కబురు, 810 ఇన్వాయిస్, 997 ఫైలు అందిందన్న రసీదు. 997 వచ్చింది కదా, ఆర్డరు ఒప్పుకున్నట్టే అని కొత్తవాళ్లు పొరబడతారు. ఒప్పుకున్నామని చెప్పేది 855.

850లోని ఒక వరుస చూడండి: పీఓ1*1*200*సీఏ*950. మొదటి వస్తువు, 200 కేసులు (పెట్టెలు), కేసు ధర 950 అని అర్థం. 'సీఏ' ఉండాల్సిన చోట 'ఈఏ' పడిందనుకోండి, 200 పెట్టెలు కాస్తా 200 విడి వస్తువులవుతాయి. ఫైలు నిర్మాణంలో దోషమేమీ లేదు కాబట్టి 997 సవ్యంగానే వెళ్లిపోతుంది. విడి వస్తువుకు 950 ఏమిటని ఆగి చూసేది లెక్కలు తెలిసిన మనిషే. మీ బీకాం బలం సరిగ్గా ఇక్కడే ఉంది.

ప్రోగ్రామింగ్ గురించి బెంగ వద్దు. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి వివరాలు రాబట్టే భాష), ఎక్స్‌ఎంఎల్ (డేటాను ట్యాగులతో రాసే పద్ధతి) ప్రాథమికంగా వస్తే మొదటి మెట్టు ఎక్కవచ్చు. అయితే ఆ మెట్టు సాధారణంగా సపోర్టు ఉద్యోగమే. అమెరికా క్లయింట్లయితే రాత్రి షిఫ్టులు ఉంటాయి. ఇంట్లో ఈ మాట ముందే చెప్పండి. వైద్య బీమా వైపు వెళ్తే 837 క్లెయిము, 835 చెల్లింపు వివరాలు ముఖ్యం. ఆ పని చేసే కంపెనీలు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. మన దేశంలో కస్టమ్స్ పత్రాలు కూడా ఆ శాఖ పోర్టల్ ఐస్‌గేట్ ద్వారా ఇలాగే నడుస్తాయి.

ముందు ఒక నెల సొంతంగా చదవండి. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం ఎడిఫ్యాక్ట్ పట్టికలను ఉచితంగానే ఇస్తోంది. అమెరికా ప్రభుత్వ వైద్య బీమా పథకం మెడికేర్ వారి 837 మార్గదర్శక పత్రాలూ అందరికీ అందుబాటులో ఉన్నాయి. మీ ఊరి కిరాణా హోల్‌సేల్ బిల్లు ఒకటి తీసుకుని, దాన్ని 810గా చేత్తో రాయండి. ఆఖరున ఎస్‌ఈ వరుసలో మొత్తం వరుసలెన్నో వేస్తారు, ఆ లెక్కలో మొదటి ఎస్‌టీ వరుస, ఆ ఎస్‌ఈ వరుస రెండూ కలవాలి. అక్కడ తడబడని వారు తక్కువ.

ఇలా పది బిల్లులు రాశాక ఆ సంస్థకు వెళ్లి ఒక్కటే అడగండి: "ఒక కొనుగోలుదారు ఇచ్చే నిబంధనల పత్రం మా చేతికిచ్చి, అతని 850ని శాప్ ఐడాక్‌గా (శాప్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ చదివే రూపంలోకి) మ్యాపింగ్, అంటే ఏ వివరం ఎక్కడికి వెళ్లాలో జతపరచడం, మాతోనే చేయిస్తారా?" చేయిస్తామంటే ఫీజు కట్టండి. సాఫ్ట్‌వేర్ తెరలు చూపించి సర్టిఫికెట్ ఇస్తామంటే ఆ డబ్బు దాచుకోండి.