పై వాటాకు ఇచ్చిన వైఫై

ప్రశ్న: కింద మేముంటాం, పై వాటా అద్దెకిచ్చాం. ఫైబర్ నెట్ పెట్టించినప్పుడు కేబుల్ అబ్బాయి మావారి సెల్ నంబరే వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టి వెళ్ళాడు. పరీక్షలని పైవాళ్ళ అబ్బాయి అడిగితే కాదనలేక చెప్పాం. ఇప్పుడు రాత్రి ఎనిమిదైతే చాలు, నెట్ నత్తనడకే. ఇంకా ఎవరెవరు వాడుతున్నారో ఏమో. అడిగితే బాగోదు. పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోతుందాండీ?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: సగం పనే అవుతుందమ్మా. రౌటర్‌కు రెండు పాస్‌వర్డులు ఉంటాయి. ఒకటి ఫోన్లు వైఫైకి కనెక్ట్ కావడానికి, రెండోది రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళడానికి. అందరూ మొదటిదాని గురించే అడుగుతారు. రెండోది మాత్రం రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్నదే ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. చాలావాటికి యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. మీ వైఫైలో ఉన్న ఎవరైనా బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి (కొన్నింటికి 192.168.0.1) ఆ మాటలు టైప్ చేస్తే లోపలికి వెళ్ళిపోవచ్చు. మీ వైఫై పాస్‌వర్డ్ చూసుకోవచ్చు, మార్చేయొచ్చు. అందుకే ముందు మార్చాల్సింది ఈ రెండోదాన్ని.

లోపలికి వెళ్ళినవాడు డీఎన్‌ఎస్‌ను కూడా మార్చగలడు. మనం ఒక వెబ్‌సైటు పేరు కొడితే ఎక్కడికి వెళ్ళాలో చెప్పేది అదే. 2018లో బ్రెజిల్‌లో పాత రౌటర్లలో ఉన్న లోపాన్ని పట్టుకుని డీఎన్‌ఎస్ మార్చేశారు. బ్యాంకు పేరు కొట్టినవాళ్ళు నకిలీ పేజీకి వెళ్ళారు. కాబట్టి సెట్టింగుల్లో ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అని కనిపిస్తే అదీ చేయండి. బ్యాంకు పేజీ తెరిచేటప్పుడు బ్రౌజర్ ‘ఈ సైటు సురక్షితం కాదు’ అని హెచ్చరిస్తే ఎంత తొందరలో ఉన్నా ముందుకు వెళ్ళకండి.

స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ పనిచేయకపోతే టెన్షన్ పడి, వెనక ఉన్న సన్న రంధ్రంలో పిన్ను గుచ్చొద్దు. అది రీసెట్. ఆపరేటర్ ఎక్కించిన కనెక్షన్ వివరాలు తుడిచిపెట్టుకుపోయి అసలు నెట్టే ఆగిపోవచ్చు. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి ‘లాగిన్ చెప్పు బాబూ, లేదంటే ఇంటికొచ్చి నా ముందే మార్చు’ అనండి. నెలనెలా డబ్బు కట్టేది మీరు, ఇందులో మొహమాటం వద్దు.

లోపల కనెక్టెడ్ డివైసెస్ అనే జాబితా ఉంటుంది. దాన్ని తెరిచి పెట్టుకుని, ఇంట్లో ఫోన్లూ టీవీ ఒక్కొక్కదానికీ వైఫై ఆపుతూ పేజీ రిఫ్రెష్ చేయండి. ఏది ఆపినప్పుడు ఏ పేరు మాయమైందో కాగితం మీద రాసుకోండి. కొన్ని రౌటర్లలో పేరు పోవడానికి కాసేపు పడుతుంది, ఓపిక పట్టాలి. ఎస్‌ప్రెసిఫ్ అని కనిపిస్తే హడలిపోకండి. స్మార్ట్ బల్బుల్లో, ప్లగ్గుల్లో ఎక్కువగా వాడే చిప్పుల కంపెనీ అది. ఈమధ్య వచ్చే ఫోన్లు నెట్‌వర్క్‌లో తమను గుర్తుపట్టే అసలు అడ్రస్ (మ్యాక్ అడ్రస్) దాచి వేరేది చూపిస్తాయి కాబట్టి మీ ఫోనే మీకు కొత్తగా అనిపించొచ్చు. ఆపి చూస్తే తేలిపోతుంది. అన్నీ పోగా మిగిలినవే బయటివాళ్ళవి.

వాటిని ఒక్కొక్కటీ బ్లాక్ చేస్తూ కూర్చోవద్దు. వైఫై పాస్‌వర్డ్ మారిస్తే అందరూ ఒక్కసారే బయటికి పోతారు. సెల్ నంబరు మాత్రం మళ్ళీ పెట్టకండి. వీధిలో సగం మందికి తెలిసిన నంబరు అది. తెలియనివాడు కూడా గేమ్‌లు ఆడే కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డుతో పది అంకెల నంబరును గంటల్లో పట్టేస్తాడు. ఒకదానికొకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలు తీసుకోండి. రోకలి, తాబేలు, చింతచిగురు, మేడ అనుకుందాం. వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే మీకు గుర్తుంటుంది, పట్టడం కష్టం. ఇవి పత్రికలో అచ్చయిపోయాయి కాబట్టి మీ సొంత మాటలు ఏరుకోండి. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. డబ్ల్యూపీఎస్ అని ఉంటుంది, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్ నంబరుతోనో కనెక్ట్ అయ్యే పద్ధతి అది, దాన్ని ఆపేయండి. దాని పిన్ చూడటానికి ఎనిమిది అంకెలే గానీ, రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది. అందువల్ల 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. వైఫై పేరును దాచిపెడితే చాలని కొందరు చెబుతారు. అది రక్షణ కాదు, ఉచితంగా దొరికే యాప్‌లతో ఆ పేరు బయటపడుతుంది.

ఇక ‘అడిగితే బాగోదు’ అన్నారు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ళకు ముందు టీవీ చానళ్ళకు వచ్చిన ఈమెయిల్ ఏ కనెక్షన్ నుంచి వెళ్ళిందా అని ఆరా తీస్తే, నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇల్లు తేలింది. సరైన రక్షణ లేని ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. ఆయనకు సంబంధం లేని విషయంలో పోలీసులు ఆయన్నే ప్రశ్నించారు. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే మొదట వాళ్ళ తలుపే తడతారు. పైవాళ్ళకు ఉన్నమాట చెప్పండి: ‘నెట్ మావారి పేరు మీద ఉంది, అందులో ఏం జరిగినా ఆయన్నే అడుగుతారు, మీరు వేరే పెట్టుకోండి’ అని. నా సలహా ఇదే. అబ్బాయి పరీక్షలు అయ్యేదాకా ఇవ్వక తప్పదంటే గెస్ట్ నెట్‌వర్క్ (అదే రౌటర్‌లో బయటివాళ్ళ కోసం విడిగా ఉండే వైఫై) ఆన్ చేసి, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి, పరీక్షలు కాగానే ఆపేయండి.

ఇంత చేశాక కూడా రాత్రిళ్ళు నెమ్మదిస్తే పైవాళ్ళను అనుకోకండి. ల్యాప్‌టాప్‌ను వైరుతో రౌటర్‌కు కలిపి చూడండి. అప్పుడూ అంతే ఉంటే తేడా ఆపరేటర్ దగ్గర ఉంది. వైరులో బాగుండి వైఫైలో లేకపోతే, రౌటర్‌కు దగ్గరలో ఉన్న ఫోన్లకూ టీవీకీ వైఫైలోని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడండి, వేగం ఎక్కువ, దూరం తక్కువ. దూరపు గదులకు 2.4 గిగాహెర్ట్జ్ ఉంచి, రౌటర్ సెట్టింగుల్లో చానెల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. ఏలూరులో అమ్మానాన్నల రౌటర్‌ను ఇక్కడి నుంచే సరిచేయడానికి రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి ఉంచాను. ప్రమాదమా?
– ఒక పాఠకుడు

జవాబు: ప్రమాదమే, ఇవాళే ఆపేయండి. మీకు తెరుచుకునే ఆ లాగిన్ పేజీ ప్రపంచంలో ఎవరికైనా తెరుచుకుంటుంది. అలాంటి పేజీల కోసం రాత్రింబవళ్ళు వెతికే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. నాన్నగారి ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ షేరింగ్ పెట్టించి, ఆయన పక్కన కూర్చున్నప్పుడే సెట్టింగులు మార్చండి. నెట్ పూర్తిగా పోయినప్పుడు అదీ కుదరదు, రిమోట్ కూడా కుదరదు. అప్పుడు వీడియో కాల్‌లో, నాన్నగారి మొబైల్ డేటా మీద, రౌటర్ లైట్లు చూపించమనండి. లాస్ (LOS) అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ సిగ్నల్ అందట్లేదు, ఆపరేటర్‌ను పిలవాల్సిందే.