ఏడో తరగతి తెలుగు హోంవర్క్: ఎంత సబబు, ఏది దండగ

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బాబు ఎంవీపీ కాలనీలో ఓ ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. తెలుగు హోంవర్క్ ఒక్కదానికే రోజూ గంట దాటుతోంది. అయినా పరీక్షలో సొంతంగా నాలుగు వాక్యాలు రాయలేకపోతున్నాడు. అసలు ఎంత ఇవ్వాలి, టీచర్‌ని ఏమని అడగాలి? వైజాగ్‌లోనే ఆరు నుంచి ఎనిమిది తరగతులకు తెలుగు చెబుతున్నదాన్ని కాబట్టి హోంవర్క్ ఇచ్చేవాళ్ల వైపు నుంచి చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కే ఉండకూడదు. 3 నుంచి 5 తరగతులకు వారానికి 2 గంటలు మించకూడదు. 6 నుంచి 8 తరగతులకు రోజుకు గంట, అంటే వారానికి 5–6 గంటలు. ఆ గంట అన్ని సబ్జెక్టులకూ కలిపి. ఆరు సబ్జెక్టులకు పంచితే తెలుగు వాటా వారానికి గంటకు అటూ ఇటూ. దాన్ని రోజుకు పది నిమిషాల చొప్పున ముక్కలు చేస్తే పుస్తకం తీసి, మార్జిన్ గీసి, తేదీ వేసేసరికే సగం అయిపోతుంది. వారానికి మూడు రోజులు, ఇరవయ్యేసి నిమిషాలు ఇవ్వడం మేలు.

మీవాడికి గంట ఎందుకు పడుతోందో తెలియాలంటే ఓ వారం నోట్సు తిరగేయండి. బోర్డు మీద చెప్పిన జవాబు రఫ్‌లో రాసుకుని ఇంట్లో ఫెయిర్‌లోకి ఎక్కించడం, కవి పరిచయం దించడం, పద్యానికి ప్రతిపదార్థం దించడం: చాలా బళ్లలో తెలుగు హోంవర్క్ అంటే ఇంతే. చెయ్యి నొప్పి పుడుతుంది, బుర్ర మాత్రం ఖాళీగా కూర్చుంటుంది. ఇంపోజిషన్ ఇంకా దండగ. తప్పు రాసిన మాటని పదిసార్లు రాయమంటే పిల్లలు ఏం చేస్తారో చూడండి: ముందు మొదటి అక్షరాన్ని పై నుంచి కిందకి పది వరసల్లో రాసేస్తారు, తర్వాత రెండో అక్షరం, తర్వాత మూడోది. ఆ మాటని వాళ్లు ఒక్కసారి కూడా పూర్తిగా రాయలేదన్నమాట.

దానికి బదులు వాడి నోట్సులోంచే వారానికి పది తప్పు మాటలు ఏరండి. మనవైపు పిల్లల్లో ఎక్కువగా కనబడేవి: వెళ్ళాడుకి ‘వెల్లాడు’, భాషకి ‘బాష’, కృషికి ‘క్రుషి’, ణకి న, శకి స. ఈ పదీ శుక్రవారం డిక్టేషన్ చెప్పండి. తప్పిన వాటిని ఒక్కోసారి సరిగ్గా రాసి, ఒక్కో వాక్యంలో వాడమనండి. పదిహేను నిమిషాల పని. మిగిలిపోయినవి వచ్చేవారం పదిలో మళ్లీ చేరతాయి.

సొంతవాక్యాల దగ్గర జరిగే మోసం అందరికీ తెలిసిందే. మాట ఏదైనా సరే ‘నాకు ఫలానాది అంటే ఇష్టం’ అని రాసి పడేస్తారు. ‘అలజడి’ ఇస్తే ‘నాకు అలజడి అంటే భయం’ అంటాడు. తప్పు లేదు, కానీ అర్థం తెలుసో లేదో మనకి తేలదు. నియమం ఒక్కటి పెట్టండి: ఆ మాట తీసేసి ఖాళీ వదిలితే, చదివినవాళ్లు మళ్లీ అదే మాటని ఊహించగలగాలి. ‘తుఫాను హెచ్చరిక రావడంతో ఫిషింగ్ హార్బర్‌లో అలజడి మొదలైంది’ అన్నది వాక్యం. ఇలాంటివి మూడు చాలు, పది అక్కర్లేదు.

పద్యం కంఠస్థం విషయంలో పిల్లలు తడబడేది జ్ఞాపకశక్తి లేక కాదు, మాట ఎక్కడ విరగాలో తెలియక. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ అన్నచోట ‘నొక్క’ అంటే ఏదో నొక్కడం అనుకునేవాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. అది కప్పురంబున్ + ఒక్క అని ముందే పెన్సిలుతో గీత పెట్టిస్తే గండం గడుస్తుంది. వరస ఇలా ఉండాలి: మొదటిరోజు మాటలు విడదీసుకుంటూ వచనంలా రెండుసార్లు పైకి చదవడం, భావం తన మాటల్లో చెప్పడం. రెండోరోజు పాదాల ప్రకారం రాగంతో నాలుగుసార్లు. మూడోరోజు పుస్తకం మూసి అప్పజెప్పడం. రాయించడం ఆ తర్వాతే, అదీ ఒక్కసారి. ప్రతిపదార్థం బట్టీ పెట్టించడం నా దృష్టిలో ఈ వయసుకి అనవసరం. మాటలు విడదీయడం వస్తే ప్రతిపదార్థం సగం వచ్చినట్టే.

సంధుల హోంవర్క్‌లో ఇరవై పదాలు ఇచ్చి విడదీయమంటారు. పిల్లలు పేర్లు గుర్తుపెట్టుకుంటారు, అచ్చుల్ని చూడరు. మహేంద్రుడు గుణసంధి అని నేర్చుకున్నవాడు రవీంద్రుడు కనబడగానే, ఇక్కడా ‘ఇంద్రుడు’ ఉన్నాడు కదా అని గుణసంధే రాసేస్తాడు. అయిదు పదాలే ఇవ్వండి, కలిసే రెండు అచ్చుల చుట్టూ సున్నా చుట్టించండి. మహా + ఇంద్రుడు: ఆ, ఇ కలిసి ఏ, గుణసంధి. రవి + ఇంద్రుడు: ఇ, ఇ కలిసి ఈ, సవర్ణదీర్ఘం. సున్నా చుట్టకుండా సంధి పేరు రాస్తే మార్కు లేదని చెబితే రెండు వారాల్లో దారిలోకొస్తారు.

ఇక అసలు సంగతి, సొంతంగా రాయడం. మన పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశాలు అని మూడు రకాల అభ్యాసాలుంటాయి. మూడోది తరగతిలో బాగానే నడుస్తుంది. రెండోది ఇంటికొస్తుంది, ఇంట్లో గైడు ఉంటుంది, ఇప్పుడు ఫోనూ ఉంది. ఏడో తరగతి వాడి నోట్సులో ‘విశిష్టమైన ప్రాముఖ్యతను కలిగి ఉన్నది’ అని కనబడితే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏ టీచర్‌కైనా తెలిసిపోతుంది. కానీ నలభైమంది ఉన్న సెక్షన్లు నాలుగంటే నూట అరవై పుస్తకాలు. ఒక్కోదానికి రెండు నిమిషాలు పెట్టినా అయిదు గంటల పైమాటే. అందుకే టిక్కు, సంతకం, తేదీ. రోజుకి సెక్షన్‌కి ఎనిమిది పుస్తకాలు మాత్రమే వివరంగా దిద్దితే అయిదు రోజుల్లో నలభై అవుతాయి. ఇలా చెయ్యగలరా అని టీచర్‌ని అడగొచ్చు, అడగడంలో తప్పులేదు.

ఇంట్లో మీరు చెయ్యగలిగింది: వారానికి ఒక్క ప్రశ్న. ముందు రెండు నిమిషాలు నోటితో జవాబు చెప్పించండి. తర్వాత నాలుగైదు మాటలు గుర్తుగా రాసుకోనివ్వండి. అప్పుడు పుస్తకం, ఫోను పక్కన పెట్టి ఆరు నుంచి ఎనిమిది లైన్లు. రాస్తుండగా దిద్దొద్దు. ఆఖర్న ఒకే ఒక్క లోపం ఎంచుకుని చెప్పండి. అన్నీ ఒకేసారి ఎర్రసిరాతో నింపితే వచ్చేవారం మూడు లైన్లకి దిగిపోతాడు. ‘తినీసాను, వచ్చీసాడు’ లాంటి మన మాటలు సంభాషణ రాస్తే ఉండనివ్వండి, వ్యాసంలోనూ జవాబులోనూ మాత్రం తిన్నాను, వచ్చాడు అని మార్పించండి. లేఖారచనకైతే కొలత వేరు: స్నేహితుడికి రాసేదానికి ‘గౌరవనీయులైన’ అని మొదలెట్టడం, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కమిషనర్‌కి రాసేదాంట్లో ‘విషయం’ అన్న లైను మర్చిపోవడం, మార్కులు పోయేది ఈ రెండుచోట్లే.

ఉక్కునగరం, నేవీ క్వార్టర్స్ వైపు ఇంట్లో హిందీయో ఒడియానో మాట్లాడే పిల్లలుంటారు. వాళ్లకి ఈ కొలతలు పనికిరావు. రాత సగానికి తగ్గించి, రోజూ ఒక పేరా పైకి చదివి వాయిస్ మెసేజ్ పంపమనాలి. అమ్మానాన్నలకి తెలుగు చదవడం రాకపోయినా ఈ పని ఆగదు.

ప్రాజెక్టుల గురించి ఒక్కమాట. జిరాక్సు షాపులో బొమ్మలు ప్రింటు తీయించి చార్టుకి అంటించేది ప్రాజెక్టు కాదు, తల్లిదండ్రులకి ఖర్చు. 2014 హుద్‌హుద్ తుఫాను చూసిన పెద్దవాళ్లొకరిని అయిదు ప్రశ్నలడిగి పేజీ రాయడం, లేదా చేపలమ్మే ఆమె దగ్గర వంజరం, చందువ, నెత్తళ్లు, కానాగంతలు లాంటి పేర్లు పదిహేను పోగుచేసి ఒక్కోదానికి ఒక వాక్యం రాయడం ఇవ్వొచ్చు. వారం పది రోజుల గడువు, పైసా ఖర్చు లేదు.

టీచర్‌తో మాట్లాడేముందు మూడు రోజులు టైము రాసిపెట్టండి: ఏ పని, ఎన్ని నిమిషాలు, దాంట్లో దించినది ఎంత, సొంతంగా రాసినది ఎంత. ‘హోంవర్క్ ఎక్కువైపోతోందండీ’ అంటే ఎవరైనా తల ఊపి ఊరుకుంటారు. ‘గంటలో నలభై అయిదు నిమిషాలు ఫెయిర్‌కే పోతోంది మేడం, దాని బదులు వారానికో పేరా సొంతంగా రాయిస్తే సరిపోతుందా?’ అంటే మాట్లాడాల్సిందే. పేరెంట్స్ మీటింగ్‌లో అందరిముందూ అడక్కండి, విడిగా కలవండి. నోట్సు నిండకపోతే మేనేజ్‌మెంట్ ఒప్పుకోదని ఆవిడ అంటే అది సాకు కాకపోవచ్చు. నోట్సు ఖాళీగా ఉందేమిటని ముందు వచ్చి అడిగేది పేరెంట్సే. అలాంటప్పుడు అదే క్లాసు తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి, ఫెయిర్ నోట్సు తగ్గించినా మాకు అభ్యంతరం లేదని రాసి సంతకాలు చేసి ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి.