పక్క వీధిలో కరోనా కేసులు, ఇంట్లో స్టెంట్ వేసుకున్న నాన్న... టిఫిన్ సెంటర్ తెరవొచ్చా డాక్టర్ గారూ?

ప్రశ్న (2020 జూన్‌లో, కరోనా లాక్‌డౌన్ సడలిస్తున్న రోజుల్లో వచ్చింది): సార్ నమస్తే. మాది రాజమండ్రి, పేరు వేయకండి. నాకు 41 ఏళ్లు, నాలుగేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. చిన్న టిఫిన్ సెంటర్ నాది, ఇడ్లీ, పూరీ, పెసరట్టు ఉప్మా, అంతే. మార్చి 22 జనతా కర్ఫ్యూ రోజు షట్టర్ దించాను, మళ్లీ ఎత్తలేదు. అద్దె, చీటీ, డైలీ ఫైనాన్స్ అన్నీ నెత్తి మీద కూర్చున్నాయి. జూన్ 8 నుంచి హోటళ్లు తెరుచుకోవచ్చంటున్నారు. మా పక్క వీధిలో కేసులొచ్చి బారికేడ్లు కట్టారు, మొన్ననే తీశారు. మా నాన్నగారికి 68, రెండేళ్ల కింద స్టెంట్ వేశారు, బీపీ కూడా ఉంది, గల్లా దగ్గర ఎప్పుడూ ఆయనే, వద్దంటే వినరు. మా ఆవిడేమో ఇంకో రెండు నెలలు ఆగమంటోంది. దేశంలో 500 కేసులున్నప్పుడు అన్నీ మూసేసి, రెండున్నర లక్షలయ్యాక తెరుచుకోమనడం ఏంటో నాకైతే అర్థం కావట్లేదు. తెరవాలా వద్దా? తెరిస్తే థర్మల్ గన్ కొనాలా? వేడి ఇడ్లీ మీద వైరస్ ఉంటుందా?

జవాబు: తెరవండి. కానీ పార్సిల్ మాత్రమే ఇవ్వండి, మీ నాన్నగారు మాత్రం గల్లా దగ్గర కూర్చోకూడదు. విషయం ముందే చెప్పేశాను, ఎందుకంటే కింద నేను చాలానే వాగుతాను, మీరు గ్రైండర్ కడుక్కుంటూ ఎక్కడో మధ్యలో ఆపేస్తారేమోనని.

మీరడిగిన 500, రెండున్నర లక్షల లెక్క నా ఓపీలో కూడా రోజుకి ఇద్దరైనా అడుగుతున్నారు, అడగడంలో తప్పేం లేదు. మీరు గోదారి ఒడ్డున ఉండేవాళ్లు కాబట్టి మీకు చెప్పడం తేలిక. వరదొచ్చినప్పుడు గట్టు మీద ఇసుక బస్తాలు వేస్తారు కదా, దాంతో వరద ఆగిపోతుందని ఎవరూ అనుకోరు, ఈలోపు లంకల్లో జనాన్ని పడవలెక్కించి ఇవతలికి తెస్తారు, అంతే దాని పని. లాక్‌డౌన్ కూడా అంతే. మార్చి 25న మొదలుపెట్టినప్పుడు అది వైరస్‌ని చంపేస్తుందని కాదు, టైము కొనుక్కోడానికి. జనవరిలో ఈ టెస్ట్ చేసే ల్యాబ్ దేశం మొత్తానికి పుణేలో ఒక్కటే ఉండేది, ఈ జూన్ నాటికి ప్రభుత్వానివీ ప్రైవేటువీ కలిపి ఏడొందలు దాటాయి. మాస్కులు, పీపీఈ కిట్లు, ఆక్సిజన్ బెడ్లు చాలినన్ని లేవు, అన్నిటికన్నా ముఖ్యంగా ఈ జబ్బు ఎలా అంటుకుంటుందో మాకే తెలియని రోజులవి. ఆ కొన్న టైముని మొత్తం బాగా వాడుకున్నామా అంటే లేదు, అది వేరే గొడవ. కానీ బస్తాల మీదే జీవితమంతా కూర్చోలేం కదండీ.

ఇంకో మాట, ఇది డాక్టర్లు బయటికి తక్కువ చెప్తారు. షాపులు మూయడం ఆరోగ్యానికి మంచిది, తెరవడం డబ్బుకి మంచిది అని త్రాసులో రెండు తట్టల్లా మాట్లాడతారు అందరూ, నా టేబుల్ దగ్గర కూర్చుంటే అలా కనపడదు. ఏప్రిల్లో మూడు వారాలు నేను కూడా క్లినిక్ మూసేశాను, భయం వేసింది, దాచడం ఎందుకు. మళ్లీ తెరిచిన రెండో రోజు ఒకాయన వచ్చారు, ఆటో డ్రైవర్, షుగర్ పేషెంట్. కాలి బొటనవేలికి చిన్న పుండు, బండ్లు తిరగడం లేదు, చేతిలో డబ్బుల్లేవు, మాత్రలు రోజు మార్చి రోజు వేసుకున్నారు. గుడ్డ కట్టు విప్పుతుంటే వాసన గది దాటి బయట కూర్చున్నవాళ్లకి తెలిసింది. వేలు తీసేయాల్సి వచ్చింది. ఆయనకి కరోనా రాలేదు, ఏ లెక్కలోనూ ఎక్కరు. కాబట్టి మీరు ఆకలితోనో అప్పుతోనో రెండు నెలలు కూర్చుని నిద్రలేక షుగర్ మూడొందలకి తెచ్చుకుంటే అది ఆరోగ్యం కాపాడుకోవడం అని నేను అనలేను, మీ ఆవిడ గారికి ఈ మాట నా మాటగా చెప్పండి.

అలాగని తెరిస్తే చాలు గల్లా నిండిపోతుంది అనుకోకండి. యూరప్‌లో డెన్మార్క్, స్వీడన్ పక్కపక్క దేశాలు. డెన్మార్క్‌లో షాపులు మూయించారు, స్వీడన్‌లో చాలావరకు తెరిచే ఉంచారు. అక్కడి బ్యాంకు కార్డుల ఖర్చులు తీసుకుని ఆర్థికవేత్తలు లెక్క కట్టారు, మూసిన డెన్మార్క్‌లో జనం ఖర్చు 29 శాతం పడిపోతే మూయని స్వీడన్‌లో కూడా 25 శాతం పడిపోయింది. అంటే తేడా నాలుగే. మిగతాదంతా ఆర్డర్ వల్ల పోలేదు, జబ్బు భయంతో జనమే ఇంట్లో ఉండిపోయారు. మీ వీధిలోనూ అంతే జరుగుతుంది. ఫలానా టిఫిన్ సెంటర్ దగ్గర ఇద్దరికి వచ్చిందట అని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ తిరిగితే కలెక్టర్ గారు పర్మిషన్ ఇచ్చినా మీ పెసరట్టు ఎవరూ కొనరు. కాబట్టి మీ షాపులో జబ్బు రాకుండా చూసుకోవడమే మీ వ్యాపారం ఇప్పుడు.

ఇక లోపల కూర్చోబెట్టి పెట్టొద్దని ఎందుకంటున్నానో చెప్తాను. 2020 జూన్‌లో సర్కారు వాళ్లు ఇచ్చిన రూల్స్ ప్రకారం సగం సీట్లకి కూర్చోబెట్టుకోవచ్చు, మనిషికీ మనిషికీ ఆరడుగులు ఉండాలి. పేపర్ మీద బాగానే ఉంటుంది. చైనాలో గ్వాంగ్‌జౌ అనే ఊళ్లో జనవరి 24న ఒక ఏసీ రెస్టారెంట్‌లో మూడు కుటుంబాలు పక్కపక్క టేబుళ్ల మీద భోంచేశాయి. ఒకరికి జబ్బు ఉంది, అప్పటికి ఇంకా తెలియదు. తర్వాత ఆ మూడు టేబుళ్లలో కలిపి మొత్తం పదిమందికి వచ్చింది. అదే హాల్లో దూరంగా కూర్చున్నవాళ్లకి గానీ వడ్డించినవాళ్లకి గానీ రాలేదు. ఏసీ గాలి ఆ మూడు టేబుళ్ల మధ్యే తిరిగిందని తేల్చారు. మీకు ఏసీ లేకపోవచ్చు, కానీ చిన్న గది, గోడకి ఫ్యాను, లోపల నాలుగు టేబుళ్లు, బయట నిలబడి తినేవాళ్లు పదిమంది. తినేటప్పుడు మాస్క్ పెట్టుకోలేరు, పైగా మనవాళ్లు తింటూ మాట్లాడకుండా ఉండరు, వేడి ఇడ్లీ మీద ఉఫ్ ఉఫ్ అని ఊదుతారు, రాజకీయాలొస్తే గొంతు లేస్తుంది. ఈ జబ్బు తుంపరల్లో వస్తుంది, గొంతు లేచిన కొద్దీ తుంపర ఎక్కువ. అందుకే ఒక నెల పార్సిల్ ఒక్కటే పెట్టుకోండి. మీ ఊళ్లో కేసులు తగ్గుముఖం పడితే అప్పుడు బయట చెట్టు కిందో అరుగు మీదో రెండు బల్లలు వేసుకోవచ్చు, లోపల మాత్రం ఆఖర్న.

ఇప్పుడు మీ షాపు నా కళ్ల ముందు ఉన్నట్టు ఊహించుకుని చెప్తున్నాను, తేడా ఉంటే మీరు సర్దుకోండి. షట్టర్ దగ్గరే అడ్డంగా ఒక బల్ల వేసేయండి, లోపలికి ఎవరూ రాకూడదు. బయట ముగ్గు పిండితో గళ్లు గీయండి. మే 4న మద్యం షాపులు తెరిచినప్పుడు కూడా గళ్లు గీశారు, పది నిమిషాల్లో ఎవరూ వాటిలో లేరు, అలా కాకుండా ఫోన్లో ఆర్డర్ చెప్తే టైము ఇవ్వండి, ఏడున్నరకి మీది, ఏడూ నలభైకి ఆయనది అని, అప్పుడు క్యూ దానంతటదే ఉండదు. చట్నీ, సాంబారు మీ మనిషే కట్టాలి, కస్టమర్ గరిటె ముట్టుకోకూడదు. మంచినీళ్ల డ్రమ్ము, దాని మీద మగ్గు, ఆ గ్లాసులు... అవి లోపల పెట్టేయండి ముందు. దోసె మాస్టర్ ఉన్నాడు కదా, పెనం ముందు వేడికి మాస్క్ గడ్డం కిందికి లాగి "రెండు పెసరట్టూ" అని అరుస్తాడు, అతనికి మూడు నాలుగు బట్ట మాస్కులు కొనిచ్చి తడిసినప్పుడల్లా మార్చుకోమనండి, ఆర్డర్ చీటీ మీద రాసి ఇవ్వండి. మూడు పొరల బట్టది చాలని డబ్ల్యూహెచ్‌ఓ కూడా మొన్న జూన్ 5న చెప్పింది. చేతులకి సబ్బు, నీళ్లు చాలు, శానిటైజర్ పొయ్యి దగ్గర మాత్రం పెట్టొద్దు, నిప్పంటుకుంటుంది. కుర్రాళ్లలో ఎవరికైనా జ్వరం, గొంతు నొప్పి, వాసన తెలియకపోవడం ఉంటే ఇంట్లో ఉండమనండి, కానీ ఆ రోజు కూలీ ఇవ్వండి. ఇవ్వకపోతే డోలో వేసుకుని వచ్చేస్తాడు, నేనైనా అదే చేస్తాను.

రైతు బజార్ల దగ్గర పెట్టినట్టు మందు జల్లే టన్నెల్ పెట్టమని ఎవరైనా అమ్మడానికొస్తే పంపించేయండి. మనుషుల మీద ఆ ద్రావణం జల్లొద్దని కేంద్ర ఆరోగ్య శాఖే ఏప్రిల్లో చెప్పింది, కళ్లు మండడం, ఆయాసం తప్ప ఉపయోగం లేదు.

కూరగాయలు మాత్రం తెల్లవారుజామున హోల్‌సేల్ మార్కెట్‌కి మీరే వెళ్తారా? అయితే అది మీ షాపు కన్నా ఎక్కువ రిస్కు. మే నెలలో చెన్నై కోయంబేడు మార్కెట్ సంగతి చూశారుగా, అక్కడికి లోడ్లు తీసుకెళ్లి వచ్చినవాళ్ల వల్ల మన చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో కూడా కేసులొచ్చాయి. అది లాక్‌డౌన్‌లోనే, నిత్యావసరం అని తెరిచి ఉంచిన చోటే. రెండు రోజులకి ఒకసారి వెళ్లండి, లేదా ఆటో మీద తెచ్చి ఇచ్చేవాళ్లకి చెప్పండి.

ఇప్పుడు నాన్నగారి దగ్గరికి వద్దాం, మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది ఆయనే. ఆయన్ని నేను చూడలేదు కానీ ఆ వయసులో గల్లా మీద కూర్చునే పెద్దల్ని చాలామందిని చూశాను. బొటనవేలు నాలిక మీద తడుపుకుని నోట్లు లెక్కపెడతారు. అవునా కాదా? పొద్దున్నుంచి వంద మంది చేతుల్లోంచి వచ్చిన నోట్లు, వంద మంది ఆయన ముఖానికి రెండడుగుల దూరంలో నిలబడి చిల్లర అడుగుతారు. 65 దాటినవాళ్లు, గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండాలని లాక్‌డౌన్ సడలిస్తూ ఇచ్చిన 2020 అన్‌లాక్ రూల్స్‌లోనే ఉంది, హోటళ్ల రూల్స్‌లో కూడా పెద్ద వయసు వాళ్లని జనం ముందు కూర్చోబెట్టొద్దని రాశారు. మీకు 41, షుగర్ ఉన్నా కంట్రోల్లో ఉంటే గండం గట్టెక్కే అవకాశం ఎక్కువ, ఆయనకి 68, స్టెంట్, బీపీ, ఆయన లెక్క వేరు. అందుకే మీరు తెరవడం కాదు, ఆయన రావడం నాకు ఇబ్బంది.

వద్దంటే వినరు అన్నారు. వినరు, ఎందుకు వింటారు, ముప్పై ఏళ్లు కూర్చున్న కుర్చీ అయ్యుంటుంది, ఇంట్లో కూర్చోమంటే పనికిరానివాణ్ణి చేశారని అనుకుంటారు. పని మార్చండి. పప్పు ఏరడం, సరుకు లెక్క, ఫోన్లో ఆర్డర్లు రాసుకోవడం అన్నీ ఇంటి నుంచి ఆయనే చేయొచ్చు, "నాన్నా రేపు ఎన్ని కేజీల మినప్పప్పు నానబెట్టాలి" అని రాత్రి ఆయన్నే అడగండి. షాపులో క్యూఆర్ కోడ్ అంటించి ఫోన్‌పే పెట్టుకోండి, నోటిచ్చేవాళ్లకి ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి అందులో వేయమనండి. మీరు ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు సబ్బు నీళ్లలో వేసి, అప్పుడు కూడా ఒకటి రెండు నెలలు ఆయన గదిలో కూర్చుని టీవీ చూడొద్దు, గుమ్మం దగ్గరో అరుగు మీదో మాస్క్ పెట్టుకుని మాట్లాడండి, ఆయన గది కిటికీలు తీసి ఉంచండి. ఎందుకింత అంటే, ఈ జబ్బు బయటపడ్డానికి సగటున ఐదారు రోజులు, ఒక్కోసారి పద్నాలుగు రోజులు పడుతుంది, పైగా జ్వరం రావడానికి రెండు రోజుల ముందు నుంచే మన దగ్గర్నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. మీకు బాగానే ఉందనుకుంటున్న రోజునే మీరు ఆయనకి తెచ్చిచ్చి ఉండొచ్చు. ఆయన రక్తం పలచబడే మాత్రలు, బీపీ మాత్రలు ఒక్క రోజు కూడా ఆపొద్దు, ఎవరో యూట్యూబ్‌లో చెప్పారని అసలే ఆపొద్దు, నెలన్నరకి సరిపడా తెచ్చి పెట్టుకోండి. మలేరియా మాత్ర, అదే హైడ్రాక్సీక్లోరోక్విన్, మాత్రం మీరూ ఆయనా ముందు జాగ్రత్త అని సొంతంగా వేసుకోకండి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి అది ప్రమాదం కూడా. కషాయం తాగుతారా, తాగండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ కషాయం తాగాను కదా అని మాస్క్ తీయకూడదు.

మీరు మీ సంగతి కూడా చూసుకోవాలి. మూడు నెలల షుగర్ టెస్ట్, అదే హెచ్‌బీఏ1సీ, ఎప్పుడు చేయించారో రాయలేదు. షాపు తెరిచే ముందు చేయించండి. ఏడు దాటి చాలా పైన ఉంటే మీ డాక్టర్ గారితో మాట్లాడి మందు మార్పించుకున్నాకే షట్టర్ ఎత్తండి, ఒక వారం ఆలస్యమైతే ఏం కాదు. పొద్దున నాలుగింటికి లేచి పదింటి దాకా మీరు ఏమీ తినరు, టిఫిన్ సెంటర్ వాళ్లందరూ అంతే, అది మానేయండి.

చీటీలు, ఫైనాన్స్ నా సబ్జెక్ట్ కాదు. బ్యాంకు లోను ఉంటే రిజర్వ్ బ్యాంక్ 2020 ఆగస్టు 31 దాకా కిస్తీలు వాయిదా వేసుకోవచ్చంది, అడగండి, వడ్డీ మాత్రం ఆగదు.

వేడి ఇడ్లీ గురించి: ఆవిరి మీద ఉడికిన దాంట్లో వైరస్ బతకదు, తిండి ద్వారా వస్తుందనడానికి ఇంతవరకు ఆధారం లేదు. ఇడ్లీ కన్నా అది అందించే చెయ్యి, ఆ పైన ఉన్న ముక్కు, నోరు గురించి ఆలోచించండి.

థర్మల్ గన్ రూల్స్‌లో ఉంది కాబట్టి కూర్చోబెట్టి పెట్టిన రోజు కొనండి, పార్సిల్‌కి దాని అవసరం అంతగా లేదు, లక్షణాలు లేనివాళ్లని అది ఎలాగూ పట్టదు, ఎండలో నడిచొచ్చినవాడి నుదురేమో ఊరికే వేడి చూపిస్తుంది. ఆ డబ్బుతో వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ కొని నాన్నగారి మంచం పక్కన పెట్టండి. జ్వరం గానీ దగ్గు గానీ వస్తే టెస్ట్ చేయించి పూటకోసారి చూడండి, అందులో ఆక్సిజన్ అంకె 95, అంతకన్నా పైన ఉంటే ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండొచ్చు, 94 గానీ దిగువ గానీ చూపిస్తే ఆయన "నాకేం ఆయాసం లేదురా" అంటున్నా సరే అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి.