వడగాడ్పుల్లో చలి

"శరీరంలో కొవ్వును 5 శాతానికి దించడం క్రీడాకారులకు ఎందుకంత కష్టం? తిండి, వ్యాయామం సరిగ్గా ఉంటే చాలదా?" అని అడిగారు.

చాలదు. నాకు ఆ రెండూ సరిగ్గానే ఉన్నాయి.

2015 మే. వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో జనం పిట్టల్లా రాలిపోయిన ఏడాది. విజయవాడలో మా మేడ మీది గది రాత్రి పదకొండింటికి కూడా కుంపటిలా ఉండేది. ఆ గదిలో నేను ఫ్యాన్ ఆపేసి, దుప్పటి కప్పుకుని వణికేవాణ్ణి. అమ్మ చెమటలు తుడుచుకుంటూ వచ్చి, "ఏమిటిరా ఇది, జ్వరమా?" అని నుదురు పట్టుకుని చూసేది. ఒళ్లు చల్లగా తగిలేది. బాడీబిల్డింగ్ పోటీకి ఇంకా రెండు వారాలుంది.

18 వారాల్లో 81 కిలోల నుంచి 69కి దిగాను. మొదటి పది కిలోలకు పెద్దగా బాధపడలేదు. అన్నం తగ్గించి, పొద్దున్నే గంటసేపు నడిస్తే దిగిపోయాయి. ఆఖరి రెండు కిలోలే నన్ను తినేశాయి. కొవ్వు ఒంట్లో ఊరికే పడి ఉండే సరుకు కాదు. లెప్టిన్ అనే హార్మోను అక్కడినుంచే వస్తుంది. కొవ్వు కరిగేకొద్దీ అదీ తగ్గుతుంది, ఊళ్లో కరువొచ్చిందని మెదడు నమ్మేస్తుంది. ఇక పొదుపు మొదలు. ఒంట్లో వేడి తగ్గుతుంది, నిద్ర పట్టదు, మగవాళ్లలో కోరిక చచ్చిపోతుంది, ఆడవాళ్లకు నెలసరి ఆగిపోతుంది. మందులు వాడకుండా పోటీకి సిద్ధమైన ఒక బాడీబిల్డర్‌ని ఏడాదిపాటు పరీక్షించి 2013లో ప్రచురించారు. అతని కొవ్వు 14.8 నుంచి 4.5 శాతానికి దిగేసరికి గుండె నిమిషానికి 53 సార్లు కొట్టుకునేది కాస్తా 27కి పడిపోయింది. నా గుండెను ఎవరూ లెక్కపెట్టలేదు. మెట్లెక్కితే కళ్లు చీకట్లు కమ్మడం మాత్రం గుర్తుంది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది.

పోటీకి ఎనిమిది రోజుల ముందు మా ఇంట్లో ఆవకాయ కలిపారు. జాడీలోకి ఎత్తాక బేసిన్‌కి అంటుకున్న పిండిలో వేడి అన్నం, నెయ్యి వేసి కలిపి, అందరికీ తలో ముద్ద పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. నేను వద్దన్నాను. "ఒక్క ముద్దకే ఏమవుతుందిరా" అంటూ అమ్మ చేతిలో పెట్టింది. నోట్లో వేసుకున్నాను. ఆవపిండి ఘాటు ముక్కుకెక్కింది. కళ్లు మూసుకుని నమిలి నమిలి, పెరట్లోకి వెళ్లి అరటిచెట్టు మొదట్లో ఉమ్మేశాను. మింగలేదని లోపల గర్వం కూడా! వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ. ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్లి బేసిన్ మీద పళ్లెం మూసింది. అన్నం ఉమ్మినవాణ్ణి మా ఇంట్లో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

ఆ రాత్రి రెండింటి దాకా ఫోనులో వంటల వీడియోలు చూశాను. గుత్తి వంకాయ, బొబ్బట్లు, ఏదైతే అది. నాకు మతి చలించిందనుకున్నాను. తర్వాత తెలిసింది, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి పరిశీలించినప్పుడు వాళ్లూ వంటల పుస్తకాలు కూడబెట్టుకున్నారట. పిరుదుల్లో కండ లేక కూర్చోలేకపోయారట. మా ఆఫీసులో చెక్క బల్ల మీద నేనూ తువ్వాలు మడిచి వేసుకునేవాణ్ణి.

ఇంకో సంగతి. ఈ శాతాలు ఎవరు చెప్పినా నమ్మకండి. చెప్పులు విప్పి ఎక్కే యంత్రం మా జిమ్‌లో 6 చూపించింది. అదే రోజు పొద్దున ఇంకో జిమ్‌లో 11! అది ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, అడ్డు ఎంత తగిలిందో చూసి అంచనా కడుతుంది. లీటరు నీళ్లు తాగి ఎక్కితే లెక్క మారిపోతుంది. నాలుగు శాతం, మూడు శాతం అని ఫొటోలు పెట్టేవాళ్లలో చాలామంది ఈ యంత్రం బిడ్డలే. పోటీలో న్యాయనిర్ణేతలు మీ శాతం అడగరు, నడుము వెనక గీతలు తేలాయా లేదా చూస్తారు, అంతే. బరువు దించడానికీ కొవ్వు దించడానికీ తేడా తెలియనివాళ్లు మరో రకం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగాట్ తన విభాగం బరువు కన్నా 100 గ్రాములు ఎక్కువ తూగినప్పుడు, "కొవ్వు కరిగించుకోలేకపోయిందా?" అని మా బంధువు ఒకాయన అన్నాడు. ఒక్క రాత్రిలో కరిగేది కొవ్వు కాదు, నీళ్లండీ!

నా పోటీ సంగతంటారా, ఆరో స్థానం. ఆ తర్వాత పది రోజుల్లో ఏడు కిలోలు పెరిగాను, చీలమండలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. చలి మాత్రం వెంటనే పోలేదు. జూన్ నెలాఖరున ఒక రాత్రి ఉక్కపోతకు మెలకువ వచ్చి, నేనే లేచి ఫ్యాన్ వేశాను. చీకట్లో పక్క గదిలోంచి అమ్మ "అమ్మయ్య" అంది.