అరిసెలు కొన్నందుకు వదిన మీద కోపమా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాకు నలభై ఒకటి. పెళ్లయి పదిహేడేళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్న ఎప్పుడో పోయారు. అమ్మ పోయి రెండేళ్లు దాటింది. మొదటి సంవత్సరం ఎలాగూ పండగ లేదు. పోయిన సంక్రాంతికి అందరం ఊరు వెళ్లాం. వదిన స్కూల్లో టీచరు. అరిసెలు, సున్నుండలు, జంతికలు అన్నీ స్వీటు షాపులో కొనేసింది. పండగ రోజు భోజనం క్యాటరింగ్ అతను స్టీలు క్యాన్లలో తెచ్చి దింపాడు. ఇదివరకు భోగికి ముందు అమ్మ, వదిన రాత్రి పదకొండింటి దాకా అరిసెలు వండుతుంటే, మేమంతా అరుగు మీద కూర్చుని వేడివేడిగా తింటూ కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఆ ఇల్లు ఇదేనా అనిపించింది. ముద్ద దిగలేదు. "అమ్మ ఉంటే ఇలా జరిగేదా?" అని అన్నయ్యతో అన్నాను. వదిన వింది. అప్పటి నుంచి ఫోన్లు పొడిపొడిగానే. మళ్లీ పండగ వస్తోంది. వెళ్లాలని ఉంది, వెళ్తే ఏడుపొస్తుందేమోనని భయంగానూ ఉంది. ఈసారి హైదరాబాద్‌లోనే చేసుకోమంటారా? అమ్మ పద్ధతులు నిలబెట్టాలని వదిన మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? పుట్టింట్లో ఆ మాత్రం చెప్పే హక్కు నాకు లేదా? మరచిపోయాను, పెద్దలకు పెట్టిన చీర కూడా వదినే కట్టుకుంది.

జవాబు: వదినకు ఎలా చెప్పాలన్న దానికి ముందు జవాబిస్తాను, అది చిన్నది కాబట్టి. చెప్పకండి. ఆ మాటను ఎంత తేనెలో ముంచి చెప్పినా అది పోయినేడు మీరన్న మాటే. ఊరు వెళ్లాలా, ఇక్కడే ఉండాలా అన్నదానికీ పెద్ద ఆలోచన అక్కర్లేదు, వెళ్లండి. ఏడుపొస్తే ఏడవండి. తల్లి పోయిన రెండేళ్లకు పండగపూట కన్నీళ్లు రావడం జబ్బేమీ కాదు, దానికి మందూ లేదు.

నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. అమ్మ, వదిన పదకొండింటి దాకా పొయ్యి దగ్గర, మీరంతా అరుగు మీద. దాన్ని మీరు అమ్మ జ్ఞాపకంగా రాశారు. నాకది పనులు ఎవరు చేశారో చెప్పే లెక్కలా కనిపించింది. పొయ్యి దగ్గర ఇద్దరు, అరుగు మీద మిగతా అందరూ. ఆ ఇద్దరిలో ఒకరు పోయారు. అరుగు మీది వాళ్లు మాత్రం ఒక్కరూ తగ్గలేదు.

అరిసె ఒక్క మనిషి వంట కాదమ్మా. మీరు ఎప్పుడైనా చేశారో లేదో ఉత్తరంలో లేదు. చేయలేదనే అనుకుంటున్నాను. చేసి ఉంటే వదిన ఎందుకు కొన్నదో ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండేది కాదు. అందుకే ఆ పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ అంత మందికి రెండు కిలోల బియ్యమైనా కావాలి. నిమ్మకాయంత ఉండలు చేస్తే కిలోకి నలభై, యాభై అరిసెలొస్తాయి. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. వడగట్టి బట్ట మీద పరిచి, పైతడి ఆరీ ఆరకముందే మరకు పట్టించాలి. పండగ ముందు ఊళ్లో మర దగ్గర క్యూ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ క్యూలో గంట నిలబడితే బియ్యం ఆరిపోతాయి, పిండి పొడిబారిపోతుంది, అరిసె పగుళ్లిచ్చి గట్టిపడుతుంది. కాబట్టి ఒకరు క్యూలో ముందే నిలబడి ఉండాలి, ఇంకొకరు తడిబియ్యం సమయానికి అందించాలి. వచ్చిన పిండిని సన్నజల్లెడలో జల్లించి, గిన్నెలో చేత్తో అదిమి, తడిబట్ట కప్పాలి.

తర్వాత పాకం. కిలో బియ్యానికి ముప్పావు కిలో పైచిలుకు బెల్లం, కరగడానికి చిన్న గ్లాసుడు నీళ్లు. కరిగాక ఇసుక లేకుండా వడకట్టి మళ్లీ పొయ్యెక్కించాలి. పళ్లెంలో నీళ్లు పోసి అందులో ఒక చుక్క పాకం వేసి వేలితో కూడదీస్తే మెత్తని ఉండ కావాలి. ఆ క్షణం దాటిందా, అరిసె రాయి. దానికి ముందే దించారా, నూనెలో వేయగానే విచ్చిపోయి మూకుడంతా మడ్డి అవుతుంది. పాకం వచ్చిందనగానే నువ్వులు, యాలకుల పొడి, నెయ్యి వేసి, దించి, వేడి తగ్గకముందే పిండి పోయాలి. ఒకరు పిండి జల్లుతూ ఉంటే ఒకరు రెండు చేతులతో తెడ్డు పట్టి కలపాలి. ఒక్కరే అయితే పోస్తే కలపలేరు, కలిపితే పోయలేరు, ఈలోగా ఉండలు కట్టేస్తుంది.

ఇంతా అయితే చలిమిడి అయినట్టు. ఇక నూనె మూకుడు దగ్గర ఒకరు తట్టి వేయాలి, ఒకరు తిప్పి తీయాలి, తీసిన దాన్ని వేడిమీదే చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కాలి. నొక్కే పనిలో పది సెకన్లు ఆలస్యమైతే మూకుడులో ఉన్న అరిసె నల్లబడుతుంది. చల్లారాక నొక్కితే నూనె రాదు, అరిసె విరుగుతుంది. ఇద్దరున్నా చాలీచాలని పని ఇది. ముగ్గురైతే సుఖం. ఇలా తొంభై అరిసెలు.

ఇప్పుడు వదిన వైపు చూడండి. స్కూలుకు సెలవులిచ్చేసరికి భోగికి మూడు నాలుగు రోజులే మిగులుతాయి. ఇల్లు దులపడం, సున్నాలు, పిల్లల బట్టలు, వచ్చే ఆడపడుచు కుటుంబానికి పక్కలు, అన్నీ అందులోనే. చెయ్యి కలపాల్సిన అత్తగారు లేరు. ఆవిడ పండగ మానలేదు, పెద్దలకు పెట్టడం మానలేదు, మీకు విస్తరి వేయడం మానలేదు. ఒక్క చేత్తో కాని వంట పనికి డబ్బులిచ్చి పూర్తి చేశారు. దాన్ని పద్ధతి చెడగొట్టడం అనరు, గడవడం అంటారు.

ఇంకో సంగతి. ఏ ఊరి పాకమైనా వినడం వల్ల రాదు, పక్కన నిలబడితేనే వస్తుంది. మీ అమ్మగారు ఏ పాకం దగ్గర దించేవారో, నువ్వులు లోపల కలిపేవారో పైన అద్దేవారో, చెక్కల మీద ఎంత బరువు వేసేవారో ఇన్నేళ్లు పక్కన నిలబడి చూసింది మీరు కాదు. మీకు కావలసిన అమ్మ రుచి ఇంకా ఎవరి చేతిలోనైనా ఉందంటే అది వదిన చేతిలోనే. ఆవిడనే మీరు పోయినేడు వినేలా అన్నారు.

అన్నయ్య గురించి మీరేం రాయలేదు, నేనూ ఎక్కువ రాయను. ఆ మాట అన్నప్పుడు ఆయన ఏమన్నాడో ఉత్తరంలో లేదు కాబట్టి ఏమీ అనలేదని అర్థం. ఈసారి ఆయనకు మర దగ్గర క్యూ, అరిసెల చెక్కలు అప్పగించండి. నొక్కడానికి మగవాళ్ల చేతులే మేలు, బలం ఉంటుంది.

హక్కు అన్నారు. ఆస్తి సంగతైతే 1986లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది, 2005లో దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. అమ్మగారి పేరున ఏదైనా ఉండి వీలునామా లేకపోతే మీకూ అన్నయ్యకూ సమానమే. అది కావాలంటే నిర్భయంగా అడగండి, నేను మీ పక్షాన ఉంటాను. కానీ ఇంకొకరి ఒళ్లు విరిచి వండించుకునే హక్కు చట్టంలోనూ లేదు, మన సంప్రదాయంలోనూ లేదు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల కాలు మీద కాలేసుకు కూర్చోవచ్చనేది తల్లి ఇచ్చే గారం. తల్లితో పాటే అది పోయింది. మీరు బాధపడుతున్నదాంట్లో సగం అదే అనుకుంటున్నాను. కటువుగా ఉంటే క్షమించండి.

ఇక చీర. ఉత్తరం చివర్లో "మరచిపోయాను" అంటూ రాశారు. మరచిపోయి ఉంటే రాసేవారు కాదు. పెద్దలకు పెట్టిన చీర ఎవరు కట్టుకోవాలన్నది ఇంటింటికీ ఒక్కో తీరు, కొన్ని ఇళ్లలో కోడలికి, కొన్నింట కూతురికి. ఏటా ఆ ఇంట్లో దీపం పెట్టే కోడలు కట్టుకోవడంలో తప్పేం కనిపించడం లేదు. పదిహేడు సంక్రాంతుల్లో పుట్టింటి నుంచి మీకు ఎన్ని చీరలొచ్చాయో లెక్క వేయండి. అమ్మ పెట్టినవే అయినా, వాటిని షాపుకెళ్లి ఏరి తెచ్చింది ఎవరో కనుక్కోండి. ఈసారి వదినకు ఒక చీర మీరు పట్టుకెళ్లండి. అన్నయ్య చేతికివ్వొద్దు, కవరుతో మంచం మీద పెట్టేసి రావద్దు. బొట్టు పెట్టి చేతిలో పెట్టండి.

చేయాల్సిన పని చెప్తాను. భోగికి మూడు రోజుల ముందే ఊళ్లో ఉండండి. ఆఫీసులో రెండు రోజులు ఎక్కువ సెలవు పెట్టాలి, తప్పదు. వెళ్లిన సాయంత్రం బియ్యం నానబోస్తే మర్నాడు సాయంత్రానికి మర, రాత్రికి పాకం. భోగి ముందు రోజు ఖాళీగా ఉంటుంది. కొత్త బియ్యం ఊళ్లోనే దొరుకుతాయి, బెల్లం మాత్రం మీరే మంచిది చూసి తీసుకెళ్లండి. మరీ తెల్లగా మెరిసేది వద్దు.

పిండివంట ఒక్కటే పెట్టుకోండి, అరిసెలు. సున్నుండలూ జంతికలూ షాపువే ఉండనివ్వండి. పండగ రోజు క్యాటరింగ్ భోజనం జోలికి వెళ్లకండి, అది వదిన ఏర్పాటు. పాకం దగ్గర వదినే నిలబడాలి, మీరు పిండి జల్లండి. పాకం గురించి మీ అభిప్రాయం ఆవిడకు అవసరం లేదు. మొదట ఒక్క అరిసె వేసి చూడండి. విచ్చిపోతే చలిమిడిలో ఇంకాస్త తడిపిండి కలపొచ్చు, అందుకని గుప్పెడు పిండి ముందే తీసి ఉంచుకోండి. గట్టిగా వస్తే వేడిపాలు చిలకరించి మర్దించండి. ఎంత పాడైనా "అమ్మ అయితే" అని మొదలయ్యే వాక్యం ఆ వంటింట్లో మీ నోటి నుంచి రాకూడదు. వదిన నోటి నుంచి వస్తే మాత్రం ఆపకండి, వినండి. ఆవిడకూ పోయింది మనిషే.

కనుమ నాడు మినుము తినాలి కదా, ఆ గారెలు పూర్తిగా మీవి. కిలో మినప్పప్పు నాలుగు గంటలు నానితే చాలు. రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించడమే తప్ప పోయడం లేదు, పలుచనైతే నూనె తాగేస్తాయి. ఉప్పు చివర్న, వేయించే ముందు కలపండి, ముందే కలిపితే పిండి జారుతుంది. ఏభై అరవై గారెలొస్తాయి. ఆ రోజు వదినను పొయ్యి దగ్గరకు రానివ్వకండి.

సంక్రాంతి మధ్యాహ్నం పెద్దలకు ఆకు వేసి పెట్టేటప్పుడు మీరు చేసిన అరిసె అందులో పడుతుంది. అమ్మకు మీరు చెప్పాల్సింది ఏదైనా ఉంటే అక్కడ చెప్పుకోండి. తర్వాత మొదటి బంతిలో కూర్చోకండి. మీరూ వదినా వడ్డించి, రెండో బంతిలో పక్కపక్కన తినండి. మొదటి బంతిలో అందరి కళ్లూ మీ విస్తరి మీదే ఉంటాయి, ముద్ద దిగిందా లేదా అని. రెండో బంతిలో ఆ బాధ లేదు, ఆకలి కూడా నకనకలాడుతూ ఉంటుంది.

వదిన "ఈసారి కూడా నాకు ఓపిక లేదు" అంటే? సరే అనండి, మనస్ఫూర్తిగా. అరిసెలు షాపు నుంచి ఈసారి మీరు కొనుక్కెళ్లండి. గారెలు ఎలాగూ ఉన్నాయి.

ఇదంతా ఫోనులోనే మొదలవ్వాలి. అన్నయ్యకు చేసి "వదినకు చెప్పు" అనొద్దు, వాట్సాప్‌లో పొడవాటి క్షమాపణ పెట్టొద్దు. స్కూలు నుంచి వచ్చి వంట ముగించుకునే వేళకు, ఎనిమిది దాటాక, వదినకే చేయండి. "పోయినేడు నేను అన్నది తప్పు వదినా" అని ఒక్కసారి అనండి, ఎందుకన్నానో వివరించకండి. ఆ తర్వాత బియ్యం ఏ రోజు నానబోద్దామో అడగండి. రైలు టికెట్లు ప్రయాణానికి అరవై రోజుల ముందు నుంచే ఇస్తారు, పండగ రోజులవి ఈపాటికి నిండిపోయి ఉంటాయి. మూడు రోజుల ముందువి ఇంకా దొరకొచ్చు, కారులో అయితే పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరకముందే దాటిపోతారు.